నడుస్తూ నడుస్తూ ఆగిపోయే పాత కారు: అపోహలు, వాస్తవాలు

అసలు స్టార్టే కాని కారులో లోపం పట్టుకోవడం తేలిక. గంటసేపు చక్కగా నడిచి, ఉన్నట్టుండి ఇంజిన్ ఆగి, అరగంట తరువాత ఏమీ జరగనట్టు మళ్ళీ స్టార్టయ్యే పాత పెట్రోలు కారే మెకానిక్కును ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. షెడ్డుకు చేరేసరికి అది బాగానే నడుస్తుంటుంది కనుక, లోపాన్ని వెదకడం మానేసి అనుమానమున్న భాగాలను ఒక్కొక్కటిగా మార్చడం మొదలవుతుంది. డబ్బు ఖర్చవుతుంది, లోపం మాత్రం అలాగే ఉంటుంది. ఇలాంటి లోపానికి సాక్ష్యం కారు ఆగి ఉన్న ఆ కొద్ది నిమిషాల్లోనే దొరుకుతుందని వృత్తిలో ఉన్నవాడిగా నా గట్టి నమ్మకం. ఈ విషయంలో తరచుగా వినిపించే అపోహలను ఆ దృష్టితోనే పరిశీలిస్తున్నాను.

అపోహ: ముందు ప్లగ్గులు, ఫిల్టర్లు మార్చి చూస్తే సరిపోతుంది.

వాస్తవం: అరిగిన ప్లగ్గులు మిస్సింగ్ ఇస్తాయి, మైలేజీని తగ్గిస్తాయి, ఉదయం స్టార్టింగును కష్టం చేస్తాయి. నాలుగు ప్లగ్గులూ ఒకే క్షణాన పనిచేయడం మానేసి, కాసేపటికి నాలుగూ కలిసి బాగుపడడం మాత్రం జరగదు. ఫ్యూయల్ ఫిల్టరు మూసుకుపోతే ఎత్తు ఎక్కేటప్పుడు, వేగం పెంచేటప్పుడు ముందుగా పికప్ తగ్గుతుంది. అందుకే నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ఇంజిన్ స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగిందా, లేక జర్కులిస్తూ, కొట్టుకుంటూ ఆగిందా? టక్కున ఆగితే ముందుగా కరెంటు వైపు, అంటే ఇగ్నిషన్ స్విచ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్), క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరగడాన్ని దాని కంప్యూటరుకు తెలిపేది), ఎర్త్ వైర్ల (కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి వెళ్ళే తీగలు) వైపు చూడాలి. కొట్టుకుంటూ ఆగితే పెట్రోలు సరఫరా వైపు చూడాలి. ఇది తిరుగులేని సూత్రమని చెప్పను గానీ, వెదకవలసిన చోటును సగానికి తగ్గిస్తుంది.

అపోహ: చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు, స్కానర్‌లో కోడ్ లేదు, కాబట్టి లోపం లేదు.

వాస్తవం: ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు తాను గమనించగలిగిన లోపాన్నే, అదీ నిర్ణీత షరతులకు సరిపడితేనే కోడ్‌గా నమోదు చేస్తుంది; స్కానర్ చదివేది ఆ కోడ్‌నే. ఫ్యూయల్ పంపు రిలే ఒక నిమిషం పాటు తెరుచుకుని మళ్ళీ మూసుకుంటే చాలా పాత కార్లలో ఏ కోడూ పడదు. ఇగ్నిషన్ స్విచ్‌లో అరిగిన కాంటాక్టు వల్ల కంప్యూటరుకే కరెంటు పోతే, నమోదు చేయడానికి అది మేలుకొని ఉండదు. కోడ్ ఉన్నప్పుడు కూడా తొందరపడకూడదు. పి0335 అంటే క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్‌లో సమస్య అని అర్థం. ఆ సర్క్యూట్‌లో సెన్సర్‌తో పాటు దాని కనెక్టరు, ఎగ్జాస్టు పక్కగా వెళ్ళే వైరు, కంప్యూటరు కూడా ఉంటాయి.

అపోహ: వేడెక్కాక ఆగుతోందంటే పైపులో పెట్రోలు ఆవిరైపోతోంది.

వాస్తవం: కార్బురేటర్ కార్ల విషయంలో ఈ మాటలో నిజముంది. వాటిలో ఇంజిన్ మీదున్న మెకానికల్ పంపు ట్యాంకు నుంచి పెట్రోలును లాగుతుంది. లాగేటప్పుడు పైపులో పీడనం తగ్గి, ఇంజిన్ వేడికి పెట్రోలు ఆవిరై పంపు పట్టు తప్పుతుంది. ఇంజెక్షన్ కార్లలో (కంప్యూటరు ఆజ్ఞతో ఇంజెక్టర్లు పెట్రోలును చల్లేవి) పంపు ట్యాంకులోనే ఉండి, సుమారు 3 బార్ పీడనంతో పెట్రోలును ముందుకు నెడుతుంది కనుక ఆ అవకాశం చాలా తక్కువ. అలాంటి కారు వేడికి ఆగుతుంటే నేను ముందుగా అనుమానించేవి రెండు.

మొదటిది క్రాంక్ సెన్సర్. పాత కార్లలో చాలావాటికి ఇది అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ చుట్టిన కాయిల్. ఆ తీగ లోపల ఎక్కడో తెగీ తెగనట్టుంటే, వేడికి వ్యాకోచించినప్పుడు విడిపోతుంది, చల్లారాక మళ్ళీ కలుస్తుంది. సంకేతం ఆగిన క్షణంలోనే కంప్యూటరు స్పార్కును, ఇంజెక్టర్లను, పంపును కూడా ఆపేస్తుంది. ఈ సమయంలో టాకోమీటరును (ఇంజిన్ వేగాన్ని చూపే మీటరు) చూడాలి. కారు ఇంకా గేరులో దొర్లుతూ, చక్రాలు ఇంజిన్‌ను తిప్పుతూనే ఉన్నా ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోయిందంటే అనుమానం సెన్సర్ వైపు మొగ్గుతుంది. ఆగిన తరువాత సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా ముల్లు అసలు కదలకపోతే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. కొన్ని మోడళ్ళలో సెల్ఫ్ సమయంలో ముల్లు మామూలుగానే కదలదు. అక్కడ స్కానర్‌లో ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) అంకెను చూడాలి.

రెండోది ఫ్యూయల్ పంపు రిలే, లేదా కొన్ని కార్లలో ఉండే మెయిన్ రిలే. దాని మూత తీసి సర్క్యూట్ బోర్డు అడుగు వైపును భూతద్దంతో చూస్తే, పిన్ను చుట్టూ టంకంలో వెంట్రుకంత సన్నని వలయాకారపు పగులు కనిపించవచ్చు. ఎండలో ఆపిన కారు లోపల వేడెక్కినప్పుడు ఆ పగులు తెరుచుకుంటుంది. చాలా ఇంజెక్షన్ కార్లలో తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింది నుంచి రెండు సెకన్ల పాటు పంపు రొద వినిపిస్తుంది. కారు ఆగి ఉన్నప్పుడు ఆ రొద లేకపోతే, పంపు మార్చే ముందు పంపు కనెక్టరు దగ్గర టెస్ట్ ల్యాంపు పెట్టి, తాళం ఆన్ చేసిన ఆ రెండు సెకన్లలోనో, సెల్ఫ్ కొడుతున్నప్పుడో చూడాలి. ల్యాంపు వెలగకపోతే రిలే, ఫ్యూజు, వైరింగు చూడాలి. వెలిగి, ఎర్త్ కూడా సరిగా ఉండి, పంపు తిరగకపోతే తప్పు పంపుదే. ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో మెల్లగా తట్టినప్పుడు పంపు తిరగడం మొదలైతే లోపల బ్రష్‌లు అరిగాయని అనుకోవచ్చు.

ట్యాంకు మూతను కూడా మరిచిపోకూడదు. గాలి లోపలికి వెళ్ళే మార్గం మూసుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి పెట్రోలు రావడం తగ్గుతుంది. కారు ఆగినప్పుడు మూత తీస్తే బుస్సుమంటూ చాలాసేపు గాలి లోపలికి పోయి, వెంటనే ఇంజిన్ స్టార్టయితే సమాధానం అక్కడే దొరికినట్టు.

అపోహ: సెన్సర్‌ను మీటరుతో పరీక్షించాం, బాగానే ఉంది.

వాస్తవం: చల్లగా ఉన్నప్పుడు తీసిన కొలత, వేడిలో మాత్రమే వచ్చే లోపం గురించి ఏమీ చెప్పదు. జ్వరం లేని వేళ థర్మామీటరు పెట్టి రోగి ఆరోగ్యంగా ఉన్నాడని రాసినట్టే అవుతుంది. హెయిర్ డ్రయ్యరుతో సెన్సర్‌ను వేడిచేస్తూ కొలవాలి. ఇంజిన్ నడుస్తుండగా, తిరిగే భాగాలకూ ప్లగ్ వైర్లకూ చేతులు దూరంగా ఉంచి, అనుమానమున్న వైరింగును ఒక్కో కనెక్టరు దగ్గర కదిలించి చూడాలి. ఎర్త్ విషయంలో నిరోధం కొలిచి ఊరుకోకూడదు. మీటరు ఒక తీగను ఇంజిన్ బ్లాకుకు, మరొకటి బ్యాటరీ నెగెటివ్‌కు పెట్టి సెల్ఫ్ కొట్టినప్పుడు అర వోల్టు దాటితే ఎర్త్ పట్టీ తుప్పుపట్టిందనో వదులైందనో భావించాలి.

అపోహ: బ్యాటరీ పాతదైంది, అందుకే ఆగుతోంది.

వాస్తవం: ఇంజిన్ నడుస్తున్నప్పుడు కరెంటు ఇచ్చేది ఆల్టర్నేటరు, అప్పుడు బ్యాటరీ దగ్గర సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. ఆగిన వెంటనే సెల్ఫ్ బలంగా తిరుగుతుంటే బ్యాటరీని అనుమానించనవసరం లేదు, టెర్మినళ్ళు బిగుతుగా ఉన్నాయో లేదో చూస్తే చాలు. ఆల్టర్నేటరును పరీక్షించడానికి నడుస్తున్న ఇంజిన్‌లో బ్యాటరీ టెర్మినల్ తీసే అలవాటు ఇంకా కొందరికి ఉంది. దయచేసి అలా చేయవద్దు. ఆ క్షణంలో ఎగిరే వోల్టేజీ కంప్యూటరును పాడుచేయగలదు.

అపోహ: సిగ్నల్ దగ్గర ఆగుతోంది కాబట్టి ఐడ్లింగ్ (కారు నిలిచి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) స్క్రూ కొంచెం పెంచితే సరి.

వాస్తవం: కారు నిలిపేటప్పుడు మాత్రమే ఇంజిన్ పడిపోతూ, యాక్సిలరేటరు మీద కాలు ఉంటే నిలబడుతుంటే, థ్రాటిల్ బాడీలో (ఇంజిన్‌లోకి గాలిని వదిలే భాగం) మసి, ఐడిల్ కంట్రోల్ వాల్వు, తెరుచుకుని ఉండిపోయిన ఈజీఆర్ వాల్వు (ఎగ్జాస్టు వాయువులో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), పగిలిన వాక్యూమ్ గొట్టం చూడాలి. ఇంజెక్షన్ కారులో స్క్రూ తిప్పితే థ్రాటిల్ సెన్సర్ లెక్క తప్పి రెండో సమస్య తోడవుతుంది. లోపలికి వచ్చే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న కార్లలో ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోలు పరిమాణంలో కంప్యూటరు చేసే సవరణ) ఐడ్లింగ్‌లో బాగా ఎక్కువగా ఉండి, 2,500 ఆర్‌పీఎం దగ్గర మామూలు స్థాయికి దిగితే ఎక్కడో గాలి లీకవుతోంది.

అపోహ: మళ్ళీ స్టార్టవుతోంది కదా, కొన్నాళ్ళు నడపవచ్చు.

వాస్తవం: ఇంజిన్ ఆగగానే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. పెడల్ ఒత్తిడికి బలం చేర్చే బ్రేక్ బూస్టరులో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్ళకే సరిపోతుంది కాబట్టి పెడల్‌ను పదే పదే తొక్కకుండా ఒకే ఒత్తిడితో పట్టి ఉంచాలి. న్యూట్రల్ చేసి, హజార్డ్ లైట్లు వేసి పక్కకు తీయాలి. కారు కదులుతుండగా తాళం పూర్తిగా వెనక్కి తిప్పితే స్టీరింగ్ లాక్ పడే ప్రమాదముంది. లోపం దొరికేదాకా వేగంగా వెళ్ళే రహదారుల మీదికి ఈ కారును తీసుకెళ్ళవద్దని నేను ప్రతి యజమానికీ చెబుతాను.

అపోహ: భాగం మార్చాక రెండు రోజులు ఆగలేదు, కాబట్టి పని అయిపోయింది.

వాస్తవం: వారానికొకసారి ఆగే కారు రెండు రోజులు ఆగకపోవడం రుజువు కాదు. ఆగినప్పుడు ఉష్ణోగ్రత, పెట్రోలు మట్టం, ఏసీ, వాన, రోడ్డు మీద కుదుపు, డ్యాష్‌బోర్డు లైట్లు, మళ్ళీ స్టార్టు కావడానికి పట్టిన సమయం యజమాని రాసి ఉంచితే, మరమ్మతు తరువాత అవే పరిస్థితుల్లో కారును నడిపించి చూడవచ్చు. తీసిన పాత భాగాన్ని బల్ల మీద వేడిచేసి, అదే లోపం అక్కడ కూడా కనిపించాకే నేను బిల్లు రాస్తాను.