వార్సా ఘెట్టోలో కుటుంబాల ఇరుకు: అపోహలు - వాస్తవాలు

అపోహ: యూదులు మొదటినుంచీ ఇరుకు పేటల్లోనే బతికేవారు, నాజీలు చేసిందల్లా ఆ పేటల చుట్టూ గోడ కట్టడమే.

వాస్తవం: హోలోకాస్ట్ (నాజీలు యూదులపై సాగించిన సామూహిక సంహారం) చరిత్ర బోధనలో నాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే పొరపాటు ఇదే. పోలండ్ రాజధాని వార్సా ఉత్తర భాగంలో యూదులు అధికంగా ఉండేవారన్న మాట నిజమే గాని, యూదు వైద్యులు, న్యాయవాదులు, వ్యాపారులు నగరంలోని ఇతర ప్రాంతాల్లోనూ స్థిరపడి ఉన్నారు. నగరాన్ని ఆక్రమించిన జర్మన్ల 1940 అక్టోబరు నాటి ఆజ్ఞతో, కొద్ది వారాల్లోనే సుమారు 1,38,000 మంది యూదులను లోపలికి తరలించి, సుమారు 1,13,000 మంది యూదేతరులను అక్కడినుంచి ఖాళీ చేయించి, నవంబరు 16న ఘెట్టోను, అంటే యూదులను నిర్బంధించిన గోడల మధ్య పేటను, మూసివేశారు. నగర జనాభాలో దాదాపు 30 శాతం మంది 2.4 శాతం నేలలో సర్దుకోవలసి వచ్చింది. సగటున గదికి ఏడుగురికి పైగా ఉండేవారని లెక్క. కానీ చిన్న ఊళ్ల నుంచి తరిమేయగా కట్టుబట్టలతో వచ్చిన కాందిశీకులు బడుల్లో, ప్రార్థనా మందిరాల్లో తలదాచుకున్న తీరు ఈ సగటులో కనిపించదు.

అపోహ: టైఫస్ అనే ప్రాణాంతక అంటు జ్వరం బయటికి పాకకుండా ఆ గోడ కట్టారు.

వాస్తవం: జర్మన్ అధికారులు చెప్పిన సాకు అదే. అయితే టైఫస్‌ను మోసుకొచ్చేవి పేలు. సబ్బు, బొగ్గు, మార్చుకోవడానికి బట్టలు కరువైన గదిలో ఏడెనిమిది మందిని కుక్కితే అవి పెరగక మానవు. పెద్ద మహమ్మారి చెలరేగింది కూడా ఘెట్టోను మూసిన తర్వాతే, 1941లో. అధికారిక రేషన్ రోజుకు 180 కేలరీలకు అటూ ఇటూగా ఉండటంతో, 1942 జూలైలో ట్రెబ్లింకా మరణ శిబిరానికి తరలింపులు మొదలయ్యే నాటికే ఆకలి, రోగాలు కలిసి 80,000 మందికి పైగా ప్రాణాలు తీశాయి. ఈ ఇరుకును పాలకుల నిర్లక్ష్యంగా వర్ణించే రాతలతో నాకు పేచీ అందుకే.

అపోహ: అంత ఇరుకులో మానవ సంబంధాలు పూర్తిగా తెగిపోయాయి.

వాస్తవం: వార్సాలో వెయ్యికి పైగా గృహ సంఘాలు, ఒక్కో భవనంలోని కాపురాలవారే నడుపుకొన్నవి, చందాలు పోగుచేసి పిల్లలకు తిండి, బట్టలు సమకూర్చాయి. ఘెట్టోలోనే ఉన్న చరిత్రకారుడు ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ బృందం రహస్యంగా సేకరించిన పత్రాల్లో ఈ సాయమూ ఉంది, అవినీతీ ఉంది. అలాగని అందరూ ఆదర్శమూర్తులే అనడమూ సరికాదు: పోలండ్‌లోని మరో నగరమైన లోడ్జ్ ఘెట్టోలో ఒక యువకుడు రాసుకున్న డైరీలో, తండ్రి ఇంటివారి రొట్టెను తన వాటాకు మించి తినేస్తుంటే తల్లి రోజురోజుకూ చిక్కిపోతుంది, 1942 సెప్టెంబరులో వైద్య పరీక్ష పేరిట వచ్చినవారు ఆమెనే ఎంచి తీసుకుపోతారు.