మహారాణి చిత్రాల దుస్తులు: కొన్ని అపోహలు, వాస్తవాలు

చారిత్రక చిత్రాలకూ నాటకాలకూ దుస్తులు సిద్ధం చేసే పనిలో ఉన్నాను, ఉండేది ధర్మవరంలో. రుద్రమదేవి వంటి పాలకురాలి కథ అనగానే నిర్మాతలు, నటీమణులు, ఒక్కోసారి మగ్గం మీద కూర్చునేవారు సైతం ముందుగా అడిగేది జరీ ఎంత పెట్టాలనే. రాజు పక్కన కూర్చునే పట్టమహిషి వేరు, తానే సింహాసనమెక్కి ఆజ్ఞలిచ్చే రాణి వేరు. ఆ తేడా బట్టలో కనిపించకపోతే మనం చెప్పేది ఆమె కథ కాదు.

అపోహ: రాణి ఎప్పుడూ పెళ్లికూతురి అలంకారంలోనే ఉండాలి.

వాస్తవం: రుద్రమ గణపతిదేవుని కుమార్తె. ఆయన తరువాత సుమారు 1262 నుంచి 1289 వరకు కాకతీయ రాజ్యాన్ని ఏలింది. వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఆమెను రాజు వితంతువుగా పొరబడినా, ఆమె పాలనను మెచ్చుకున్నాడు. అంత కాలం రాజ్యభారం మోసిన మనిషి సభలో తీర్పు చెప్పేటప్పుడు, దేవాలయానికి దానమిచ్చేటప్పుడు, గుర్రమెక్కేటప్పుడు ఒకే వేషంలో ఉంటుందా? ప్రతి సన్నివేశంలోనూ ఆమె చేస్తున్న పని ఏమిటో ముందుగా రాసుకుని, ఆ తరువాతే బట్ట ఎంచుకోవాలి. గుర్రం మీది సన్నివేశానికి కుచ్చిళ్లు జారే కట్టు పనికిరాదు, కచ్చ పోసి కట్టాలి. తీర్పు సన్నివేశంలో చేతినిండా గాజులుంటే చెయ్యి కదిలినప్పుడల్లా ఆ చప్పుడు మాటకు అడ్డొస్తుంది.

అపోహ: జరీ పట్టు, మక్మల్ లేనిదే రాజసం రాదు.

వాస్తవం: ఈ నమ్మకానికి మూలం చరిత్ర కన్నా రంగస్థలంలోనే ఎక్కువగా ఉంది. 1885లో మన కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన నాటక సమాజం మొదలుకొని, ఊరూరా తిరిగిన పౌరాణిక నాటకాలకు దీపాల వెలుగులో చివరి వరుస ప్రేక్షకుడికి కూడా రాజెవరో తెలియాలి. అందుకు మక్మల్ మీద తళుకులు చక్కగా సరిపోయాయి. ఆ కళాకారులపై నాకున్న గౌరవం తక్కువది కాదు. అయితే కెమెరా మొహానికి మూరెడు దూరంలో ఉంటుంది. ఇప్పటి నకిలీ జరీ షూటింగ్ లైట్ల కింద తెల్లటి మచ్చలా మెరిసి, నటి ముఖాన్ని మింగేస్తుంది.

రుద్రమ కాలపు తెలుగు నేల పేరు తెచ్చుకున్నది సన్నని నూలు బట్టతోనే. కాకతీయుల రేవుపట్నమైన మోటుపల్లి సీమలో నేసిన బట్టలు సాలెగూడు పోగులంత సన్నగా ఉంటాయనీ, వాటిని ధరించడానికి సంతోషించని రాజుగానీ రాణిగానీ ఉండరనీ మార్కో పోలో రాశాడు. ఇంతకన్నా గట్టి సాక్ష్యం దుస్తుల రూపకర్తకు ఏం కావాలి? సన్న నూలును నాలుగు మడతలుగా భుజం మీద వేస్తే అది ఒంటితో పాటు కదులుతుంది. నేటి ధర్మవరం పట్టుచీర నిండు అంచులకు ఆధారమైన, మగ్గానికి బిగించి బొమ్మలు నేసే జకార్డు పరికరం 19వ శతాబ్ది ఆరంభంలో ఫ్రాన్సులో రూపుదిద్దుకున్నది. మా ఊరి నేత నాకు ప్రాణమే, అయినా ఆ చీరను యథాతథంగా 13వ శతాబ్దికి తీసుకుపోలేను. రంగుల సంగతీ అంతే. కృత్రిమ రంగు 1856లో గానీ పుట్టలేదు కనుక, కళ్లు చెదిరే గులాబీ, ఊదా రంగులను వదిలి నీలిమందు, చిరివేరు ఎరుపు, పసుపు ఛాయల్లోనే ఉండడం మేలు.

అపోహ: లేపాక్షి చిత్రాల్లో ఉన్నదంతా ఏ తెలుగు రాణికైనా వాడుకోవచ్చు.

వాస్తవం: లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీది చీరల అంచులు, పురుషుల పొడవాటి కుళ్లాయిలు విజయనగర కాలానివి, అంటే 16వ శతాబ్దివి. విజయనగర రాణి కథకు వాటిని మించిన ఆధారం లేదు. రుద్రమ అంతకు రెండున్నర శతాబ్దాల ముందరి మనిషి కాబట్టి, ఆమె కోసం 1213 నాటి రామప్ప శిల్పాల దగ్గరికి వెళ్లాలి. అక్కడి మదనికల మేనిపై నగల వరుసలు, నడుము పట్టీలు, కొప్పుల తీరు ఎంతో నేర్పుతాయి. కానీ అవి నాట్య శిల్పాలు, సభలో కూర్చున్న రాణి చిత్తరువులు కావు. శిల్పంలో రవిక కనిపించనంత మాత్రాన ఆనాడు కుట్టిన బట్టే లేదనుకోరాదు. కంచుకం, అంటే రవిక వంటి కుట్టిన పైబట్ట, ప్రస్తావన సంస్కృత కావ్యాల్లో ఎంతో ముందు నుంచే ఉంది.

అపోహ: శాసనాలు రుద్రమను రుద్రదేవ మహారాజు అన్నాయి కనుక ఆమెకు మగవేషం వేయాలి.

వాస్తవం: ఆ పేరు శాసనాల్లో ఉన్న మాట నిజం. అది ఆమె అధికారాన్ని చెబుతుందే గాని కట్టుబట్టను కాదు. మీసం లేకుండా, గొంతు మార్చకుండా, తలపాగా చుట్టిన తీరులోనూ కత్తి పట్టీ బిగింపులోనూ రాజత్వాన్ని చూపవచ్చు.

అపోహ: కవచం, కిరీటం నిజమైన లోహంతో చేస్తేనే సహజంగా ఉంటాయి.

వాస్తవం: మే నెల ఎండలో గండికోట రాళ్ల మధ్య ఇనుము తొడుక్కుని రోజంతా పోరాడమని ఏ నటినీ అడగకూడదు. తోలు, ఫైబర్ చాలు. పైపూత సరిగా కుదిరితే కెమెరాకు తేడా తెలియదు.

అపోహ: రాణి రూపం మొదటి నుంచి చివరి వరకు మారకూడదు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధించే అపోహ ఇది. చందుపట్ల శాసనం రుద్రమ మరణాన్ని 1289 నవంబరులో నమోదు చేసింది. మన కడప సీమలోని వల్లూరు కేంద్రంగా ఏలిన కాయస్థ అంబదేవునితో జరిగిన పోరులో ఆమె మరణించిందని చరిత్రకారులు భావిస్తున్నారు. అప్పటికి ఆమె వయసు మళ్లిన స్త్రీ. తెర మీద మాత్రం ఆ చివరి యుద్ధంలో కూడా పాతికేళ్ల పడుచు కొత్త బట్టల్లో దిగుతుంది. పాలనాకాలం గడిచేకొద్దీ నగలు తగ్గాలి, రంగు వెలిసిపోవాలి, భుజం మీది ఉత్తరీయం అరగాలి. అందుకే షూటింగ్ మొదలవకముందే ఒకే విడతలో అద్దిన నూలు అవసరానికి మించి తెప్పించి, కొంత భాగాన్ని పదేపదే ఉతికి, ఎండబెట్టి, విడిగా దాచి ఉంచాలి. తరువాత అద్దించిన రంగు మొదటి దానితో ఎన్నటికీ కలవదు.