ఏడిపించే సీన్ అసలు ఎక్కడ ఏడిపిస్తుంది?

మనిషిని ఏడిపించి ఆ ఏడుపును కొలవాలంటే పరిశోధకులకు పెద్ద చిక్కే. మీ ఇంట్లో ఎవరో పోయారని అబద్ధం చెప్పలేరు. ఉల్లిపాయలు తరిగిస్తే కన్నీళ్ళొస్తాయి గానీ దుఃఖం రాదు. అందుకే సైకాలజీ ల్యాబులు ఏనాడో సినిమాను పట్టుకున్నాయి. అమెరికాలో జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్‌సన్ ఐదేళ్ళపాటు 250కి పైగా సినిమాలను జల్లెడ పట్టారు. వాటిలోంచి ఏరిన సీన్లను 494 మందికి చూపించి, ఏ భావానికి ఏ సీన్ బాగా పనిచేస్తుందో 1995లో తేల్చి చెప్పారు. దుఃఖానికి ముందు వరసలో నిలిచింది 1979 నాటి ‘ద చాంప్’ సినిమా చివరి సీన్. బాక్సింగ్‌లో గెలిచిన తండ్రి లోపలి గదిలో బల్ల మీద ప్రాణం వదులుతాడు. లేవమంటూ చిన్న కొడుకు ఏడుస్తాడు. మొత్తం మూడు నిమిషాలు కూడా ఉండదు. ముందు కథ తెలియకపోయినా పనిచేస్తుంది.

తెలుగులో ఇలాంటి ప్రయోగం పెడితే నా ఓటు 1993లో వచ్చిన ‘మాతృదేవోభవ’కి. భర్త పోయి, తనకు క్యాన్సరని తెలిసిన తల్లి, బతికుండగానే పిల్లల్ని తలా ఒక ఇంటికి పెంపకానికి ఇచ్చే కథ అది. మలయాళం ‘ఆకాశదూతు’కి రీమేక్. అందులో పాటకు వేటూరికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. కర్చీఫ్ లేకుండా చూడలేని సినిమా ఏదని ఇప్పటికీ ఎవరినడిగినా ముందు దాని పేరే చెబుతారు.

తెర మీద ఉన్నది నటులని మనకు తెలుసు. షాట్ అవగానే లేచి టీ తాగుతారనీ తెలుసు. అయినా ఒంట్లో జరిగేది మాత్రం నిజమే. కనుబొమ ఎముక కింద, బయటి మూలకు బాదం గింజ ఆకారంలో కన్నీటి గ్రంథి ఉంటుంది. మెదడు నుంచి ముఖానికి వచ్చే నాడి (ఏడో నంబరు కపాల నాడి) గుండా దానికి కబురు అందుతుంది. కంటిని తడిగా ఉంచే నీరు, పొగకో ఉల్లి ఘాటుకో వచ్చే నీరు, మనసు కదిలితే వచ్చే నీరు, మూడూ మనకున్నాయి. మూడో రకం మనిషిలో తప్ప మరే జంతువులోనూ ఉన్నట్టు ఇంతవరకు గట్టి ఆధారం లేదు.

అద్దం ముందు నిలబడి కింది రెప్పను ముక్కు వైపు కొద్దిగా కిందికి లాగి చూడండి, సూదిమొనంత రంధ్రం కనిపిస్తుంది. కన్నీళ్ళు మామూలుగా పోయే దారి అది, నేరుగా ముక్కులోకి. ఆ దారి పట్టనంత నీరు ఊరినప్పుడే చెంప మీదికి జారుతుంది. చీకటి హాల్లో చుట్టుపక్కల చెంపలు కనపడకపోయినా ముక్కులు ఎగబీల్చే చప్పుడు వినిపించేది అందుకే. ఇక గొంతులో ముద్ద అడ్డుపడ్డట్టు ఉంటుందే, అక్కడ నిజంగా ముద్దేమీ లేదు. ఉద్వేగం ఎక్కువైతే గాలి బాగా ఆడడానికి గొంతులోని ద్వారం వెడల్పుగా తెరుచుకుంటుంది. గుటక వేయాలంటే అది మూసుకోవాలి. తెరిచి ఉంచే కండరాలకూ మూసే కండరాలకూ పడే పెనుగులాటే మనకు ముద్దలా తెలుస్తుంది. ఏడుపు ఆపుకోవాలని గుటకలు మింగే కొద్దీ ముద్ద ఇంకా పెరిగినట్టు ఉండేదీ ఇందువల్లే.

ఇంతకీ కన్నీరు సరిగ్గా ఏ క్షణంలో వస్తుంది? దుఃఖం శిఖరానికి చేరినప్పుడు అనుకుంటాం. 1979లోనే జే ఎఫ్రాన్, తిమోతీ స్పాంగ్లర్ అనే సైకాలజిస్టులు దీన్ని కాదన్నారు. మొదట టెన్షన్ బిగుసుకుంటుంది. ఏదో ఒకటి జరిగి ఆ బిగువు సడలుతుంది. కన్నీళ్ళు ఆ సడలే వేళ వస్తాయని వాళ్ళ సిద్ధాంతం. ఇది అన్ని ఏడుపులకూ వర్తించదు గానీ సినిమా ఏడుపులకు చాలావరకు సరిపోతుందని నాకనిపిస్తుంది. పెళ్ళిలో వారం రోజులు పరుగులు పెడుతూ కళ్ళు తడవని తండ్రి, అప్పగింతల్లో కూతురి చేతిని అల్లుడి చేతిలో పెట్టగానే భోరుమంటాడు. అప్పటికి పనులన్నీ అయిపోయాయి, బిగపట్టుకోవాల్సిన అవసరం తీరిపోయింది. సినిమాలో ప్రమాదం జరుగుతుంటే ఊపిరి బిగబట్టి చూస్తాం. తర్వాత ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఆ పిల్లవాడి భుజమ్మీద చెయ్యి వేస్తాడు. మనం కరిగిపోయేది అక్కడ. తప్పిపోయిన వాళ్ళు తిరిగి కలిసే సుఖాంతం సీన్లలో కూడా కళ్ళు చెమర్చేది ఇలాగే. ఈ కిటుకు తెలియని దర్శకులు చావు మీద చావు పేరుస్తారు, హాల్లో జనం సెల్‌ఫోన్లు తీస్తారు.

ఏడిస్తే గుండె బరువు దిగుతుందని పెద్దవాళ్ళంటారు. ల్యాబులో ఈ మాట అంత తేలిగ్గా నిలబడలేదు. 1994లో గ్రాస్ బృందం విషాద దృశ్యం చూపించిన 150 మంది యువతుల్లో, ఏడ్చినవాళ్ళ మనసు కుదుటపడకపోగా, ఏడవనివాళ్ళ కంటే ఎక్కువ దిగులుపడింది. ఒంట్లో అలజడి కూడా వాళ్ళకే ఎక్కువ. మరి పెద్దల మాట తప్పా? సమాధానం 2015లో నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. ఆడ్ వింగర్‌హూట్స్ బృందం 60 మందికి పూర్తి సినిమా చూపించి, ఆ వెంటనే, 20 నిమిషాలకు, 90 నిమిషాలకు మనసెలా ఉందో అడిగింది. ఏడ్చినవాళ్ళ మూడ్ సినిమా అవగానే దిగజారింది. ఇరవై నిమిషాలకు మామూలైంది. తొంభై నిమిషాలకు సినిమాకు ముందు ఉన్నదాని కంటే మెరుగ్గా ఉంది! ఏడవనివాళ్ళలో చెప్పుకోదగ్గ మార్పే లేదు. అంతకుముందు ప్రయోగాల్లో అడగాల్సిన ప్రశ్నే అడిగారు, మరీ తొందరగా అడిగారు.

కన్నీళ్ళతో ఒంట్లోని విషాలు కొట్టుకుపోతాయని వాట్సాప్‌లో తిరిగే మాటకు మాత్రం ఆధారం చాలదు. 1980లలో విలియం ఫ్రే అనే జీవరసాయన శాస్త్రవేత్త ఉల్లి కన్నీళ్ళ కంటే సినిమా కన్నీళ్ళలో ప్రోటీన్ ఎక్కువని గమనించిన మాట నిజమే. కానీ ఎంత వెక్కి ఏడ్చినా ఒక టీ స్పూన్ నిండని నీటితో ఏ విషం పోతుంది? ఆ పని కిడ్నీలు చూసుకుంటాయి.

డబ్బిచ్చి మరీ ఏడవడం ఎందుకన్న ప్రశ్న మన అలంకార శాస్త్రంలో పాతదే. నాట్యశాస్త్రం శోకాన్ని కరుణరసానికి స్థాయీభావంగా, అంటే దాని అడుగున నిలకడగా ఉండే భావంగా లెక్కించింది. కన్నీటినేమో ఎనిమిది సాత్త్విక భావాల్లో, అంటే మనసు కదిలితే ఒంటి మీద తెలిసే గుర్తుల్లో, ఒకటిగా లెక్కించింది. వెయ్యేళ్ళ కిందట కాశ్మీరంలో అభినవగుప్తుడు, నాటకంలోని శోకం ఫలానా వారిదన్న హద్దు దాటి అందరిదీ అవుతుంది కాబట్టే ఆస్వాదించగలమని వివరించాడు. 2014లో జర్మనీ పరిశోధకులు విషాద దృశ్యాలు చూపించి అడిగితే, నచ్చింది దిగులు కాదు, దాని వెంట వచ్చే ‘కదిలిపోవడం’ అని తేలింది. 2016లో సైకాలజిస్ట్ రాబిన్ డన్‌బార్ బృందం ఆక్స్‌ఫర్డ్‌లో ఇంకో అడుగు వేసి, సినిమాకు ముందూ తర్వాతా ప్రేక్షకుల్ని గోడకు వీపు ఆనించి గోడకుర్చీ వేయించింది. తొడల నొప్పి ఎంతసేపు ఓర్చుకుంటారో చూడడానికి. మనసు పిండే సినిమా చూసినవాళ్ళకు, మామూలు డాక్యుమెంటరీ చూసినవాళ్ళకంటే ఓర్పు పెరిగింది, పక్కన కూర్చున్న అపరిచితుల మీద దగ్గరితనమూ పెరిగింది. ఫోన్‌లో ఒంటరిగా చూసే సినిమాకు ఆ రెండో లాభం ఎక్కడిది?

కన్నీరు అసలు ఎదుటివాడి కోసమేనేమో అనిపించే ప్రయోగాలూ ఉన్నాయి. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు విషాద సినిమాలు చూసిన స్త్రీల కన్నీళ్ళను సీసాల్లో పట్టారు. పోల్చి చూడడానికి వాళ్ళ చెంపల మీదుగానే ఉప్పునీరు జార్చి, అదీ పట్టారు. రెండింటికీ వాసన తేడా లేదు. అయినా కన్నీటిని వాసన చూసిన మగవాళ్ళు, రెచ్చగొట్టే కంప్యూటర్ ఆటలో దాదాపు 44 శాతం తక్కువగా పగ తీర్చుకున్నారని 2023లో ప్రకటించారు. ఇదే బృందం 2011లో చెప్పిన మరో ఫలితం డచ్ ప్రయోగంలో నిలబడలేదు కాబట్టి, దీన్నీ ఇంకొకరు నిర్ధారించేదాకా ఆగాలి.

అమెరికా సైకాలజిస్ట్ రాబర్ట్ ప్రొవైన్ 2009లో చేసింది ఇంతకంటే తేలికైన పని. ఏడుస్తున్న మనుషుల ఫొటోల్లో కన్నీళ్ళను మాత్రం కంప్యూటర్‌లో చెరిపేశాడు. చూసినవాళ్ళకు అవే ముఖాల్లో బాధ బాగా తగ్గిపోయింది. కొన్ని ఆలోచనలో పడ్డట్టు, కొన్ని అయోమయంగా కనిపించాయి. ప్రొవైన్ ఎవరో తెలియకపోయినా, మేకప్‌మన్ పెట్టెలో గ్లిజరిన్ సీసా ఎందుకుంటుందో మన సినిమావాళ్ళకు తెలుసు. నీళ్ళయితే లైట్ల వేడికి ఆరిపోతాయి, గ్లిజరిన్ చిక్కగా, కెమెరాకు చిక్కేంత నెమ్మదిగా జారుతుంది. కంటికి తగిలి మండితే నటుడికి అసలు నీళ్ళే వస్తాయి గానీ అవి ఉల్లిపాయ రకానివి. మూడో రకం ఖర్చు టికెట్ కొన్నవాళ్ళదే.