లూప్ తిప్పడానికయ్యే ఖర్చు

విశాఖపట్నం రేవులో సముద్ర మట్టాన్ని నిమిషానికొకసారి కొలిచి నమోదు చేస్తే, ఏడాది తిరిగేసరికి 5,25,600 కొలతలు పోగవుతాయి. వాటి సగటు కట్టే ప్రోగ్రామును మన ఇంజనీరింగ్ విద్యార్థులు నాలుగు వరుసల్లో రాసేస్తారు. అందులో కూడికే అసలు పని. తక్కినదంతా లూప్‌ను, అంటే అదే పనిని మళ్లీ మళ్లీ చేయించే వలయాన్ని, తిప్పడానికయ్యే ఖర్చు.

పైథాన్ వంటి స్క్రిప్టింగ్ భాష కంపైలర్ సాధారణంగా ప్రోగ్రామును బైట్‌కోడ్ అనే చిన్న చిన్న ఆదేశాల వరుసగా మారుస్తుంది. ఇంటర్‌ప్రెటర్ ఒక్కో ఆదేశాన్ని తీసి, అదేమిటో గుర్తించి, తగిన పని జరిపిస్తుంది. ఈ తీయడానికీ గుర్తించడానికీ పట్టే సమయం తరచుగా కూడికకు పట్టేదానికంటే ఎక్కువ.

విలువలను ఒకదానిపై ఒకటి పేర్చి పైనుంచి తీసుకునే స్టాక్ మీద నడిచే యంత్రంలో, షరతు నెరవేరినంతసేపూ తిరిగే మామూలు వైల్ లూప్ ఇలా ఉంటుంది: లెక్కింపు చలరాశిని స్టాక్ మీద పెట్టు, హద్దును పెట్టు, రెంటినీ పోల్చు, హద్దు దాటితే బయటికి వెళ్లు, కూడిక అయ్యాక చలరాశిని మళ్లీ పెట్టు, ఒకటిని పెట్టు, కలుపు, దాచు, మొదటికి వెళ్లు. చుట్టుకు తొమ్మిది ఆదేశాలు, మన ఏడాది కొలతలకు 47,30,400. షరతును లూప్ అడుగున కూడా పెడితే చుట్టుకొక జంప్ (వేరే చోటికి దూకమనే ఆదేశం) తగ్గుతుంది, పైథాన్ 3.10 వైల్ లూప్‌కు ఇదే చేసింది.

బ్రెజిల్‌లో 1993లో పుట్టిన లువా భాష ఇంకా ముందుకు వెళ్లింది. ఒక సంఖ్య నుంచి మరో సంఖ్య దాకా లెక్కిస్తూ తిరిగే దాని సంఖ్యా ఫర్ లూప్‌లో మొదలు, హద్దు, అంతరం ఆరంభంలోనే ఖాయమైపోతాయి గనుక, 2020లో వచ్చిన 5.4 రూపం పూర్ణాంకాల లూప్ ఎన్ని చుట్లు తిరగాలో ముందే లెక్కగట్టుకుంటుంది. అందుకు కావలసిన భాగహారం ఒక్కసారే జరుగుతుంది. అంతరం 1 అయితే అదీ అక్కర్లేదు. ఆపై ప్రతి చుట్టులోనూ ఒకే ఆదేశం మిగిలిన లెక్కను ఒకటి తగ్గించి, చలరాశిని పెంచి, వెనక్కి పంపుతుంది. నా దృష్టిలో వేగం కంటే విలువైన లాభం మరొకటుంది. హద్దు 64 బిట్ల గరిష్ఠ పూర్ణాంకమైతే, దానికి ఒకటి కలిపినప్పుడు విలువ ఋణ సంఖ్యగా మారి, పోలికను నమ్ముకున్న లూప్ ఎప్పటికీ ఆగదు; చుట్ల లెక్కను నమ్ముకున్న లూప్ ఆగుతుంది.

వైల్ లూప్‌కు ఈ సదుపాయం దక్కదు, ఎందుకంటే లోపలి వరుసల్లో ఏదో ఒకటి హద్దును మార్చవచ్చు, అలా మార్చదని కంపైలర్ తేలిగ్గా రుజువు చేసుకోలేదు. ఇక ప్రతి చుట్టులో ఒక కొలతను డిస్కు మీది ఫైలు నుంచి విడిగా చదివే ప్రోగ్రాములో, ఈ ఆదేశాల పొదుపు గడియారానికి అందనంత చిన్నది.