ఇంజన్ రావట్లేదా? గట్టిగా లాగకండి: పాత మజిల్ కార్ల ఇంజన్ దించడంపై అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం భోజనానికి కూర్చోబోతుంటే డాలస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి ఒక తమ్ముడి ఫోన్. "అన్నా, ఇంజన్ రావట్లేదు. ఇంకొంచెం పంప్ చేస్తే హాయిస్ట్ (ఇంజన్ లేపే చిన్న క్రేన్) వెనక చక్రాలు గాల్లోకి లేస్తున్నాయి. మా బావమరిదిని దానిమీద నిలబెట్టనా?"

కారు 1970 షెవ్రొలే (షెవీ) షెవెల్. 350 స్మాల్ బ్లాక్ ఇంజన్, టర్బో 350 ఆటోమేటిక్ గేర్ బాక్స్.

"ముందు పంప్ చెయ్యడం ఆపు. కన్వర్టర్ బోల్టులు తీశావా?" అన్నాను.

కాసేపు చప్పుడు లేదు. "అవి వేరే ఉంటాయా అన్నా?"

డాలస్ దగ్గర మజిల్ కార్లు, అంటే పెద్ద ఇంజన్ వేసిన పాత అమెరికన్ కార్లు, బాగుచేసే షెడ్డులో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఇలాంటి ఫోన్ ఏడాదికి నాలుగైదు వస్తాయి. అందుకే ముందు దీని సంగతి తేల్చేస్తాను, మిగతావి తర్వాత.

అపోహ: బెల్ హౌసింగ్ (ఇంజన్‌కి అతుక్కునే గేర్ బాక్స్ ముందు డొప్ప) బోల్టులు ఆరూ తీస్తే ఇంజన్ విడిపోతుంది. రాకపోతే తుప్పు పట్టేసినట్టు, గట్టిగా లాగాలి.

వాస్తవం: ఆ ఆరు బోల్టులు పట్టుకునేది గేర్ బాక్స్ డొప్పని మాత్రమే. లోపల టార్క్ కన్వర్టర్, అంటే ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్ బాక్స్‌కి అందించే గుండ్రటి డబ్బా, ఇంజన్ వెనకున్న ఫ్లెక్స్‌ప్లేట్ అనే రేకు చక్రానికి మరో మూడు బోల్టులతో బిగించి ఉంటుంది. కన్వర్టర్ రెండో కొస గేర్ బాక్స్ లోపలి ఆయిల్ పంప్‌లో దూరి ఉంటుంది. మూడు బోల్టులూ అలాగే ఉంచి లాగితే కన్వర్టర్ కూడా ఇంజన్‌తో బయల్దేరుతుంది. దాని బరువంతా పంప్ మూతిమీద పడుతుంది. సీల్ పోతుంది, బుష్ పోతుంది, గేర్ బాక్స్ ఆయిల్ గ్యారేజీ నేలంతా పారుతుంది. ఇంజన్ ఓవరాలింగ్ కోసం మొదలుపెట్టినవాడు గేర్ బాక్స్ కూడా విప్పించుకుంటాడు.

బెల్ హౌసింగ్ కింద రేకు మూత ఉంటుంది. అది తీస్తే ఒక్కో బోల్టు కనిపిస్తుంది. స్పార్క్ ప్లగ్గులు తీసేసి, ముందున్న క్రాంక్ బోల్టుకి పానా పెట్టి తిప్పుతుంటే మిగతా రెండూ వంతులవారీగా వస్తాయి. మూడూ తీశాక కన్వర్టర్‌ని చేత్తో వెనక్కి నెట్టండి, కొద్దిగా జరగాలి. ఇంజన్ పోతే గేర్ బాక్స్‌కి ముందువైపు ఆధారం ఉండదు కాబట్టి, దానికింద చెక్క వేసి జాకీ పెట్టాలి. ఇంజన్ కదిలాక బెల్ హౌసింగ్‌కి అడ్డంగా ఒక పట్టీ కట్టండి, లేకపోతే కన్వర్టర్ జారి కాళ్లమీద పడుతుంది.

ఇదే మొండితనం ఇంజన్ తిరిగి ఎక్కించేటప్పుడు ఇంకా ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది. "బెల్ హౌసింగ్‌కీ ఇంజన్ బ్లాకుకీ మధ్య పావంగుళం సందు ఉంది, బోల్టు బిగిస్తే అదే దగ్గరకొస్తుంది" అంటారు. వస్తుంది, పంప్‌ని నలిపేసి మరీ వస్తుంది. కన్వర్టర్‌ని తిప్పుతూ లోపలికి నెడితే రెండు మూడుసార్లు టక్కుమని దిగాలి. బెల్ హౌసింగ్ బ్లాకుకి చేత్తోనే అతుక్కోవాలి. అతుక్కున్నాక కన్వర్టర్‌కీ ఫ్లెక్స్‌ప్లేట్‌కీ మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు నుంచి కొంచెం పైదాకా సందు మిగలాలి. సందు లేకపోతే కన్వర్టర్ పూర్తిగా కూర్చోలేదు, మళ్లీ విప్పాల్సిందే.

ఇంత చిరాకుగా చెప్పడానికి కారణం, ఈ తప్పు నేనే చేశాను. ఇక్కడికొచ్చిన మొదటి ఏడు, శుక్రవారం సాయంత్రం, ఇంటికెళ్లే తొందర. చివరి సందుని బోల్టులతో లాగేశాను. లోపల చిన్న చప్పుడైంది, విననట్టు ఊరుకున్నాను. సోమవారం స్టార్ట్ చేస్తే రివర్స్ లేదు, డ్రైవ్ లేదు. రెండు శని, ఆదివారాలు జీతం లేకుండా ఆ గేర్ బాక్స్ కిందే పడుకున్నాను.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ మేస్త్రి. చైన్ పుల్లీతో ఇంజన్ లేపేటప్పుడు గొలుసు బిగుసుకుంటే ఆయన చెయ్యి ఆపేసి నా చేతికి టార్చిలైటు ఇచ్చేవాడు. "ఎక్కడ పట్టుకుందో చూసి రా." (పైకి లేపి తీసినా మన షెడ్లలో దాన్ని ఇంజన్ దించడమనే అంటారు, ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.) ఈ కార్లలో పట్టుకునే చోట్లు ఎప్పుడూ అవే: హెడ్ (ఇంజన్ పైభాగం) వెనక నుంచి ఫైర్‌వాల్‌కి, అంటే ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడకి, వెళ్లే ఎర్త్ పట్టీ, గేర్ బాక్స్ డిప్‌స్టిక్ గొట్టం, కార్బురేటర్ దగ్గర నుంచి గేర్ బాక్స్‌కి వెళ్లే కిక్‌డౌన్ కేబుల్, పైన చెయ్యి దూరని చోట ఒక బెల్ హౌసింగ్ బోల్టు. మాన్యువల్ గేర్ అయితే ఇంజన్‌ని ఇన్‌పుట్ షాఫ్ట్‌మీద వేలాడనివ్వకండి, క్లచ్ ప్లేట్ వంకరపోతుంది.

ఇక మిగతావి, గబగబా.

2 టన్నుల హాయిస్ట్ అంటే ఎంత సాచినా 2 టన్నులు ఎత్తుతుందని కాదు. చేయి పూర్తిగా సాచితే మామూలుగా అర టన్నే, చేయి మీదే రాసి ఉంటుంది. షెవీ స్మాల్ బ్లాక్ సుమారు 260 కిలోలు, బిగ్ బ్లాక్ 310 దాకా. గేర్ బాక్స్‌తో కలిపి లాగితే హద్దు దగ్గరికి వచ్చేస్తారు. బయటికి రాగానే నేలకి దగ్గరగా దించి, అప్పుడే జరపండి. బావమరుదుల్ని బరువుగా వాడకండి.

పెట్రోల్ పైపు తీసి వదిలేస్తే ట్యాంకు నుంచి కారుతూనే ఉంటుంది, వెంటనే మూత బిగించండి. ఇక్కడ చాలా ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్ గ్యారేజీలోనే ఉంటుంది. నేలకి 18 అంగుళాల ఎత్తులో పెట్టారులే అని ధైర్యపడకండి. పెట్రోల్ ఆవిరి నేలమీద పాకుతుంది, ఎంత ఎత్తుకు పేరుకుంటుందో మీ చేతిలో లేదు. ఆ పూట హీటర్ ఆపెయ్యండి.

కూలెంట్ డ్రైవ్‌వేమీద వదలొద్దు. తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకి చచ్చిపోతాయి. ఏసీ ఉన్న కారైతే గొట్టాలు విప్పకుండా కంప్రెసర్‌ని పక్కకి కట్టెయ్యండి, ఆ గ్యాస్ గాల్లోకి వదలడం ఇక్కడ నేరం.

ఒక్కటి మాత్రం ఇంజన్‌ని మెషిన్ షాపుకి పంపేముందే తెలుసుకోవాలి. షెవీల్లో ఇంజన్ నంబరు ప్యాసింజర్ వైపు హెడ్ ముందు, బ్లాకు పైతలం మీదే కొట్టి ఉంటుంది. మెషిన్ షాపులో "పైన చదును చేయించండి" అంటే నంబరు కూడా కొట్టుకుపోతుంది. ఒరిజినల్ ఇంజన్ అని చూపించే గుర్తు అదే. పంపేముందు ఫొటో తీసి, నంబరు తాకొద్దని కాగితం మీద రాసివ్వండి.

"ఇంట్లో మొదలుపెట్టి పాడుచేస్తానేమో" అని టెన్షన్ పడేవాళ్లకి: ఇప్పటి కార్లకంటే ఇవే సులువు. కంప్యూటర్ లేదు, వైర్లు కొన్నే, బానెట్ తీస్తే లోపల మనిషి నిలబడేంత జాగా. బానెట్ కీళ్ల చుట్టూ మార్కర్‌తో గీత గీసుకోండి, ప్రతి వైరుకీ టేపు అంటించండి, బోల్టుల్ని సంచుల్లో వేసి పేరు రాయండి. నా అనుభవంలో భయపడేవాళ్లే ఈ పని బాగా చేస్తారు. గేర్ బాక్స్ నాశనం చేసుకుని వచ్చేవాళ్లంతా నాలుగు వీడియోలు చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్లే.

ఫ్రిస్కో తమ్ముడు మూడు బోల్టులూ తీశాడు. ఇంజన్ ఒక అంగుళం కదిలి మళ్లీ ఆగింది. ఈసారి నాకు ఫోన్ చెయ్యలేదు, టార్చి తీసుకున్నాడట. ఏడింటికి ఫొటో పంపాడు. పాత టైరుమీద ఇంజన్, పక్కన బావమరిది, అతని చేతిలో నల్లగా మాడిన ఎర్త్ పట్టీ.