గట్ హెల్త్ కోసం ఏం కొనాలి అని అడిగేవాళ్లకు: కొన్ని అపోహలు, వాస్తవాలు

చెన్నైలో డైటీషియన్‌గా పనిచేస్తున్నా. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి చూపించుకోవడానికి వచ్చేవాళ్లూ, తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లూ ఈమధ్య ఒకటే అడుగుతున్నారు, "మేడమ్, పేగుల్లో మంచి బ్యాక్టీరియాకి ఏం కొనుక్కోవాలి?" అని. ఆ కొనడం దగ్గరే తేడా కొడుతోంది.

అపోహ: ఇడ్లీ పిండి పులుస్తుంది కాబట్టి ఇడ్లీ ప్రోబయోటిక్ (అంటే ఒంటికి మేలు చేసే బతికున్న బ్యాక్టీరియా ఉన్నది).

పిండిలో బ్యాక్టీరియా ఉన్న మాట నిజమే, తెల్లారేసరికి మూత తోసుకుని పొంగేది వాటి పుణ్యమే. కానీ ఆవిరి మీద ఉడికాక బతికుండేవి దాదాపు ఏమీ ఉండవు. అలాగని ఇడ్లీ దండగ అనుకోకండి, పులిసినప్పుడు బియ్యం, మినపప్పుల్లోని ఫైటేట్ (ఖనిజాలను ఒంటికి సరిగా పట్టనివ్వని పదార్థం) తగ్గి ఇనుము, జింక్ ఒంటికి ఇంకాస్త బాగా పడతాయి. బతికున్నవే కావాలంటే తోడేసిన పెరుగు ఉంది, మజ్జిగ ఉంది. (మజ్జిగ పులుసు కాచారంటే మళ్లీ మొదటికే!)

ఇక చద్దన్నం, ఇక్కడివాళ్ల పళయ సోరు. వండిన అన్నం చల్లారాక అందులోని పిండిపదార్థం కొంత చిన్నపేగులో అరగని రకంగా మారి, పెద్దపేగుకు చేరి, అక్కడి బ్యాక్టీరియాకు తిండి అవుతుంది, అవి దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ అనే కొవ్వు ఆమ్లం తయారుచేస్తే పెద్దపేగు గోడ కణాలు దాన్నే ఇంధనంగా వాడుకుంటాయి. మంచిదే. కానీ షుగర్ ఉన్నవాళ్లు చద్దన్నమే కదా అని గిన్నె నింపేసుకోకండి, అదీ అన్నమే.

అపోహ: యాంటీబయోటిక్ వేసుకున్నా, పక్కన ప్రోబయోటిక్ మాత్ర వేస్తే సరిపోతుంది.

నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2018లో ప్రచురించిన పరిశోధనలో, యాంటీబయోటిక్స్ తర్వాత ప్రోబయోటిక్స్ తీసుకున్నవాళ్లకు సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం, ఏమీ తీసుకోనివాళ్లకంటే ఆలస్యమైంది. కొన్ని రకాలు యాంటీబయోటిక్స్ వల్ల వచ్చే విరేచనాలను తగ్గిస్తాయి, కాబట్టి డాక్టర్ రాస్తే వాడండి. అసలు తప్పు అంతకుముందే జరుగుతోంది: జలుబుకి మెడికల్ షాపులో అడిగి యాంటీబయోటిక్ తెచ్చుకోవడం. జలుబు వైరస్ వల్ల వస్తుంది, ఆ మాత్ర దాన్నేమీ చేయదు, దెబ్బ తినేది పేగుల్లో ఉన్నవే.

అపోహ: ఒంట్లో మన కణాలకంటే బ్యాక్టీరియా పదిరెట్లు ఎక్కువ.

పాత లెక్క. 2016లో మళ్లీ అంచనా వేస్తే బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, మన కణాలు 30 లక్షల కోట్లు, అంటే కాస్త అటూఇటూగా సమానం. ఆ బ్యాక్టీరియా మొత్తం బరువు సుమారు 200 గ్రాములు.

అపోహ: నోరు ఎంత ఘాటుగా కడిగితే అంత ఆరోగ్యం.

తోటకూర, పాలకూరల్లోని నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చేది నాలుక మీది బ్యాక్టీరియానే, దాన్నుంచే రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ వస్తుంది. క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ ఈ బ్యాక్టీరియానూ చంపేస్తుంది, డెంటిస్ట్ చెప్పకుండా దాన్ని నెలల తరబడి వాడొద్దు.

మరి ఏం చేయాలంటారా? పీచు. 2000 కేలరీలు తినే మనిషికి రోజుకి సుమారు 30 గ్రాములు ఉండాలన్నది మన జాతీయ పోషకాహార సంస్థ మాట, హోటల్ సాంబార్‌లో తేలే రెండు ములక్కాడ ముక్కలతో అది అయ్యే పని కాదు. అలసందలు, కొర్రలు, గోరుచిక్కుడు, జామకాయ, రోజుకొకటి మారుస్తూ తినండి. అన్నీ ఒకేరోజు మొదలుపెడితే గ్యాస్‌తో పొట్ట ఉబ్బి నన్నే తిట్టుకుంటారు, మెల్లగా పెంచండి, నీళ్లు తాగండి. మలంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా మాత్రం నా దగ్గరకు రాకండి, నేరుగా గ్యాస్ట్రో డాక్టర్‌కి చూపించండి.