నానమ్మ పీట మీదే నిలబడి గ్రైండరు ఎందుకు వేస్తుంది? పిల్లలకు తాతయ్య ఉత్తరం

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్ళకూ తాతయ్య దీవించి రాయునది.

మొన్న ఫోనులో మీరు అడిగారు కదా, నానమ్మ గ్రైండరు వేసేటప్పుడు చెక్కపీట మీదే ఎందుకు నిలబడుతుంది అని. ఫోనులో చెప్తే సగం వింటారు, సగం వదిలేస్తారు, అందుకే కూర్చుని రాస్తున్నాను. పీట ఎక్కితే గ్రైండరు ముట్టుకున్నా జిల్లుమనదు, సంగతి అంతే. ఊళ్ళో చాలా ఇళ్ళలో ఇదొక అలవాటుగా స్థిరపడిపోయింది: ఫ్రిజ్ తలుపు చెప్పులేసుకుని తీస్తారు, బోరు మోటారు స్టార్టరుని ఎండుపుల్లతో నొక్కుతారు, వాషింగ్ మిషను దగ్గరికి తడి చేతుల్తో వెళ్ళొద్దని పిల్లల్ని కసురుతారు, కానీ ఎందుకిలా అవుతోందని ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అడగరు. నాకు బాధ కలిగేది అక్కడే.

గ్రైండరు జిల్లుమందంటే రెండు తప్పులు ఒకేసారి ఉన్నాయని అర్థం. ఒకటి, లోపల ఎక్కడో ఇన్సులేషన్ (కరెంటుని బయటికి రానివ్వని తొడుగు) దెబ్బతిని కరెంటు ఇనుప బాడీకి తగులుతోంది. రెండు, ఆ కరెంటు నేలలోకి పోవడానికి ఎర్త్ వైరు దారి ఇవ్వడం లేదు, అందుకని మన ఒంట్లోంచి దారి చేసుకుంటోంది. జనం ఎప్పుడూ మొదటిదాన్నే పట్టుకుంటారు, గ్రైండరు రిపేరుకి ఇస్తారు, వాడు వైండింగ్ మార్చి ఇస్తాడు, ఇక బాగుందనుకుంటారు. రెండోది అలాగే ఉంటుంది. రేపు ఫ్రిజ్ పాడైతే షాక్ ఫ్రిజ్ దగ్గర కొడుతుంది.

మన ఇల్లు పెంకుటిల్లుగా ఉన్నప్పుడు చేసిన వైరింగు మీరు చూసే ఉంటారు, గోడల మీద సన్నటి టేకు బద్దీలు, వాటి మీద క్లిప్పులతో బిగించిన వైర్లు, గుండ్రటి నల్ల స్విచ్చులు. అప్పట్లో లైటుకీ ఫ్యానుకీ రెండే వైర్లు లాగేవాళ్ళు, కరెంటు తెచ్చే ఫేజు, దాన్ని తిరిగి తీసుకెళ్ళే న్యూట్రలు. తర్వాత ఫ్రిజ్జులూ మిక్సీలూ వచ్చాక మూడు పిన్నుల సాకెట్లు బిగించారు గానీ, మూడో వైరు, అంటే ఎర్త్ వైరు, మాత్రం చాలా చోట్ల లాగలేదు. పైన పెద్ద రంధ్రం కనిపిస్తుంది, దాని వెనక ఏమీ ఉండదు. ఇంకొన్ని ఇళ్ళలో ఆకుపచ్చ వైరు బోర్డు దాకా వస్తుంది, దాన్ని నేలకి కలిపే పెరటి ఎర్త్ గొయ్యి దగ్గర మాత్రం జీఐ తీగ (జింకు పూత పూసిన ఇనుప తీగ) తుప్పుపట్టి ఎప్పుడో తెగిపోయి ఉంటుంది. కాబట్టి వైరు కనబడిందని ఎర్త్ ఉన్నట్టు కాదు, పరీక్ష చేసి చూడాల్సిందే.

ఆ పరీక్ష ఎలా చేస్తారో చెప్తాను, కానీ ఇది చెయ్యాల్సింది ఎలక్ట్రీషియన్, మీరు దూరంగా నిలబడి చూడాలి. హోల్డరులో 60 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు పెట్టి, రెండు వైర్లు బయటికి తీస్తాడు. ముందు ఫేజుకీ న్యూట్రలుకీ మధ్య పెడితే బల్బు నిండుగా వెలగాలి. తర్వాత న్యూట్రలు మీద నుంచి తీసి ఎర్త్ రంధ్రంలో పెడతాడు. అప్పుడూ దాదాపు అంతే వెలిగితే ఎర్త్ తెగకుండా ఉన్నట్టు, ఎర్రగా మిణుకుమంటే గొయ్యి ఎండిపోయిందో జాయింటు లూజైందో, అసలు వెలగకపోతే ఎర్త్ లేనట్టే. ఇక్కడ ఒక పెద్ద ప్రమాదం ఉంది, బాగా గుర్తుపెట్టుకోండి: ఎర్త్ వైరు ఎక్కడో తెగి ఉంటే, ఈ బల్బు గుండా ఫేజు వచ్చి ఆ ఎర్త్ వైరుకి తగిలించి ఉన్న ప్రతి ఇనుప బాడీ మీదికీ ఎక్కుతుంది. వంటింట్లో ఎవరైనా ఫ్రిజ్ పట్టుకుని ఉంటే అంతే సంగతులు. అందుకే పరీక్షకి ముందు ఇంట్లో ఉన్న మూడు పిన్నుల ప్లగ్గులన్నీ పీకించి, అందర్నీ వరండాలోకి పిలవాలి. ఆ ప్లగ్గులు పీకేశారో లేదో చూసే పని మాత్రం మీది.

వోల్టులు కొలిచే మల్టీమీటరుతో చూడొచ్చు కదా అంటారేమో. చూడొచ్చు, కానీ అది ఒక్కోసారి మోసం చేస్తుంది. గాల్లో వేలాడే ఎర్త్ వైరు కూడా పక్కన ఉన్న ఫేజు వైరు ప్రభావానికి మీటరులో వంద వోల్టులో ఎంతో చూపిస్తుంది, ఎందుకంటే మీటరు దాదాపు కరెంటే తీసుకోదు. బల్బు కరెంటు అడుగుతుంది, అందుకని దాని ముందు అబద్ధం నిలవదు. అయినా మీటరు పనికొచ్చే చోటు ఒకటుంది: న్యూట్రలుకీ ఎర్త్‌కీ మధ్య సాధారణంగా రెండు మూడు వోల్టులు మించకూడదు, పాతికో ముప్ఫయ్యో చూపిస్తోందంటే న్యూట్రలు ఎక్కడో లూజుగా ఉందనో, ఎర్త్ బాగా లేదనో అనుమానించాలి.

బల్బుని కూడా బోల్తా కొట్టించే దొంగపని ఒకటుంది. ఎర్త్ లేదని తెలిసిన కొందరు సాకెట్ లోపల న్యూట్రలు స్క్రూ నుంచి ఎర్త్ స్క్రూకి చిన్న వైరు ముక్క కలిపేస్తారు. బల్బు చక్కగా వెలుగుతుంది, అంతా సంతోషం. కానీ ఏ గాలివానకో ఆ న్యూట్రలు తెగిందా, ఫ్రిజ్ మోటారు గుండా వచ్చిన ఫేజు మొత్తం ఫ్రిజ్ బాడీ మీదికి వచ్చి కూర్చుంటుంది. ఏ తప్పూ లేని కొత్త ఫ్రిజ్ కూడా చంపేస్తుందన్నమాట. అందుకే మెయిన్ ఆఫ్ చేయించి ప్రతి సాకెట్టూ విప్పించి ఆ ముక్క ఉందేమో చూపించమని అడగండి. ఇందులో నేను మొహమాటపడను, మీరూ పడొద్దు.

మీరు కళ్ళతో, ముక్కుతో పట్టుకోగలిగినవి కూడా చాలా ఉన్నాయి. స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ బల్బు రాత్రి పూట సన్నగా వెలుగుతోందంటే స్విచ్ ఫేజులో కాకుండా న్యూట్రలులో ఉండొచ్చు. అలా ఉంటే స్విచ్ ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది, బల్బు మార్చేటప్పుడు మెయిన్ కట్టేయాల్సిందే. ప్లగ్గు పిన్నుల దగ్గర నల్లటి మచ్చ, వేడెక్కిన బోర్డు, చేపలు కాలిన వాసన, స్విచ్ దగ్గర చిటపట, ఇవన్నీ లూజు కనెక్షన్లు. అటక మీద ఎలుకలు కొరికిన వైర్లు కూడా చూడండి. పాత అల్యూమినియం వైరుకి కొత్త రాగి వైరు మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు ఎక్కువగా ఇలా కాలతాయి. పింగాణీ ఫ్యూజుల్లో లావు రాగి తీగ చుట్టి ఉంటే అది ఇక ఫ్యూజు కాదు, గోడలో వైరు కాలిపోయినా అది మాత్రం కాలదు. మీ నాన్నకి చూపించండి.

పెరట్లో బట్టలారేసే దండెం, స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరుని పట్టుకున్న ఇనుప పైపుకి కట్టి ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు నాన్నకి చెప్పి దాన్ని తీయించండి, మీరు మాత్రం ముట్టుకోవద్దు. ప్రతి వానాకాలం తడిబట్టలు ఆరేస్తూ ఆడవాళ్ళు పోవడానికి ఇదొక కారణం. తీగ నేలమీద తెగి పడితే దగ్గరికి వెళ్ళకుండా 1912కి ఫోను చెయ్యాలి.

ఇక ఎర్త్ గొయ్యి సంగతి. రెండున్నర మీటర్ల జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, పైన గరాటు పెట్టి ఎండాకాలంలో నీళ్ళు పోసేవాళ్ళు. నీళ్ళు మానేస్తే నేల ఎండిపోయి కరెంటుకి సరిగా దారి ఇవ్వదు. ఒక లెక్క చెయ్యండి. ఎండిన గొయ్యి నిరోధం 50 ఓంలు అనుకుందాం, 230 వోల్టుల్ని 50తో భాగిస్తే 4.6 ఆంపులు. గ్రైండరు బాడీకి ఫేజు పూర్తిగా తగిలినా నేలలోకి పోయేది అంతే. కరెంటు హద్దు మీరితే తనంతట తానే పడి లైను ఆపేసే స్విచ్చుని ఎంసీబీ అంటారు; 16 ఆంపుల ఎంసీబీకి అది మామూలు లోడు, ఎందుకు పడుతుంది? పడదు. బాడీ మీద దాదాపు 230 వోల్టులు అలాగే నిలబడి ఉంటాయి. అందుకే ఎర్త్ ఒక్కటే చాలదు, ఆర్‌సీసీబీ కూడా కావాలి. ఫేజులో వెళ్ళిన కరెంటూ న్యూట్రలులో తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని అది చూస్తూ ఉంటుంది, 30 మిల్లీ ఆంపులు తేడా వస్తే కన్ను మూసి తెరిచేలోపు కట్ చేస్తుంది. ఎర్త్ బాగుంటే ఎవరూ ముట్టుకోకముందే పడుతుంది, ఎర్త్ లేకపోతే మనిషి ముట్టుకున్నాకే పడుతుంది. రెండూ ఉండాలని ఎందుకు పట్టుబడుతున్నానో ఇప్పుడు అర్థమైందా?

పాత ఇంటికి ఆర్‌సీసీబీ పెడితే మొదటి రోజే పదే పదే పడొచ్చు. అప్పుడు చాలామంది టెన్షన్ పడి దాన్ని బైపాస్ చేయించేస్తారు. చెయ్యనివ్వొద్దు, అది ఊరికే పడటం లేదు. ప్లగ్గులన్నీ పీకి, ఎంసీబీలన్నీ దించి, ఒక్కొక్కటీ ఎత్తుతూ రమ్మనండి, ఏది ఎత్తితే పడిందో తప్పు ఆ లైనులో ఉంది. అన్నీ దించినా పడుతోందంటే న్యూట్రలు ఎక్కడో తడిగోడకో ఎర్త్‌కో తగులుతోంది, ఎందుకంటే మామూలు ఎంసీబీ ఫేజునే తెంపుతుంది, న్యూట్రలుని కాదు. వానాకాలంలో మాత్రమే పడితే ముందు వాకిట్లో లైటూ బోరు మోటారూ చూడాలి.

ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటను ఒకటుంటుంది, నెలకోసారి నాన్నని దగ్గర పెట్టుకుని నొక్కండి, టక్కున పడాలి. పడిందంటే ఆ పెట్టె బాగుందని మాత్రమే, పెరట్లో గొయ్యి గురించి అది ఏమీ చెప్పదు. ఆ బటనుకి ఎర్త్ వైరుతో సంబంధమే లేదు. గొయ్యిని ఎలక్ట్రీషియన్‌ చేత వేరేగా పరీక్ష చేయించాలి, ఏటా ఎండలు ముదిరే రోజుల్లో చేయించమని నాన్నతో చెప్పండి. నానమ్మ వంటింటి సాకెట్టుతో మొదలుపెట్టమనండి.

ఇట్లు,
మీ తాతయ్య